వాల్తేరుకి కేటీ ఎవరిస్తారు?

మా ఇంట్లో అటక మీద ఒక నల్ల రేకు పెట్టె ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో మా తాత పేరు, దాని కింద డ్రైవర్ అని, దాని కింద ఎస్.ఇ. రైల్వే, వాల్తేరు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. రైల్వే వాళ్ళ పిల్లలకి చెప్పక్కర్లేదు, దాన్ని లైన్ బాక్స్ అంటారు. డ్యూటీకి వెళ్ళే ప్రతి డ్రైవరుకీ, గార్డుకీ ఒకటి ఉండేది. జెండాలు, దీపం, పట్టాల మీద పెట్టి పేల్చే డిటోనేటర్లు, రూల్ బుక్కు అన్నీ అందులోనే. అదే పెట్టెలో ఒక పక్కన టిఫిన్ క్యారేజీ, మార్చుకోడానికి లుంగీ కూడా.

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు అమ్మ ఆ పెట్టె పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే సరిగ్గా తెలీదు. హైదరాబాద్ ఫ్లాట్‌లో దాన్ని పెట్టుకునే చోటు లేదు, మా ఆవిడ ఒప్పుకోదు కూడా. కానీ ఆ రోజు నుంచీ ఒక ఆలోచన బుర్రలో తిరుగుతోంది. అదే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

మా తాత 1955లో వాల్తేరు లోకో షెడ్డులో క్లీనరుగా చేరాడు. అంటే స్టీమ్ ఇంజన్లకి మసి తుడవడం. తర్వాత ఫైర్‌మన్, తర్వాత డ్రైవర్. 1993లో రిటైరయ్యాడు. 2011లో పోయాడు. అంటే రిటైరయ్యాక పద్దెనిమిదేళ్ళు మాతోనే ఉన్నాడు. అందులో చివరి ఏడెనిమిదేళ్ళు నేను చేతిలో రికార్డ్ చేయగలిగే ఫోను పెట్టుకునే తిరిగాను. పెళ్ళి ఊరేగింపులు రికార్డ్ చేశాను, కాలేజీలో ఫ్రెండు పాడిన పాటలు రికార్డ్ చేశాను. తాత గొంతు ఒక్క నిమిషం కూడా లేదు. ఒకసారి అడిగాను, "తాతా, నీ సర్వీసు సంగతులన్నీ చెప్పు, రాసుకుంటాను" అని. "ఏటి రాస్తావురా గుంటడా, బొగ్గేసేం, బండి నడిపేం, జీతం తెచ్చేం, అంతే కదా" అన్నాడు. సరే మళ్ళీ ఎప్పుడైనా అడుగుదాం అనుకున్నాను.

మన ప్రాజెక్టుల్లో ఒకడు పేపర్లు వేశాడంటే రెండు వారాలు కేటీ పెడతారు కదా. స్క్రీన్ షేరింగు, రికార్డింగు, డాక్యుమెంటు, చివర్లో మేనేజరు సంతకం. మూడేళ్ళ వయసున్న బిల్లింగ్ అప్లికేషనుకి ఇంత హడావుడి. మరి నూట ముప్ఫై ఏళ్ళ వయసున్న ఒక రైల్వేకి?

వాల్తేరు రైల్వే మామూలు కథ కాదు. విజయవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని ప్రభుత్వమే 1893-96 మధ్య కట్టింది. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యాక ఇటు మద్రాసు వైపు దారి కలిసింది. ఆ తర్వాత ఏం చేశారంటే, మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టుని రెండు ముక్కలు చేసి ఇద్దరు వెండార్లకి ఇచ్చేశారు. వాల్తేరుకి దక్షిణాన ఉన్న ముక్క 1901లో మద్రాసు రైల్వేకి వెళ్ళింది (1908 తర్వాత అదే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే). ఉత్తరాన ఉన్న ముక్క 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి, అంటే మా ముత్తాత తరం వాళ్ళు నోరారా పిలుచుకునే బియ్యన్నారుకి. మధ్యలో వాల్తేరు. ఇటొక కంపెనీ, అటొక కంపెనీ.

ఈ గీత చిన్నది కాదు. వాల్తేరు నుంచి ఉత్తరాన ఏ పెద్ద కాగితం కదిలినా కలకత్తా గార్డెన్ రీచ్‌లోని హెడ్డాఫీసుకి వెళ్ళాలి. మనుషులు ఖరగ్‌పూర్ వెళ్ళాలి. బియ్యన్నారు పెద్ద వర్క్‌షాపు అక్కడే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిపోయాయి. ఇప్పటికీ ఆ ఊరి రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తుంది. మనం అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళ గురించి పుస్తకాలు రాసుకుంటున్నాం, అసోసియేషన్లు పెట్టుకుంటున్నాం. ఆన్‌సైట్ అన్న మాట పుట్టకముందే బొగ్గు పార పట్టుకుని బెంగాల్‌కి ఆన్‌సైట్ వెళ్ళినవాళ్ళ గురించి తెలుగులో ఎంత రాసుకున్నాం? ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల గురించి లారా బేర్ అనే ఆంత్రొపాలజిస్టు 2007లో ఇంగ్లీషులో 'లైన్స్ ఆఫ్ ది నేషన్' అని ఒక మంచి పుస్తకం రాసింది. ఎక్కువగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాల గురించి. ఆవిడ అక్కడి కాగితాలు చదివింది, మనుషులతో కూర్చుంది. పని అలా చేస్తారు.

ఆంగ్లో ఇండియన్లంటే గుర్తొచ్చింది. వాల్తేరులో కూడా వాళ్ళు చాలామంది ఉండేవారు. మెయిల్ డ్రైవరంటే వాళ్ళే అన్నట్టుండేది అప్పట్లో. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో 336వ అధికరణం కింద రైల్వే ఉద్యోగాల్లో వాళ్ళ వాటా రెండేళ్ళకోసారి పది శాతం చొప్పున తగ్గిస్తూ పదేళ్ళలో ఎత్తేశారు. చాలామంది ఆస్ట్రేలియా, ఇంగ్లండు వెళ్ళిపోయారు. మా తాతకి ఇంజను పని నేర్పింది ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరట. "దొర తిట్టేవాడు, కానీ టిఫినీలో సగం నాకే పెట్టేవాడు" అనేవాడు. పేరు చెప్పే ఉంటాడు, నాకు గుర్తు లేదు.

1933లో వైజాగ్ హార్బరు తెరిచారు. దాని వెనకా రైలే ఉంది. మధ్య భారతం గనుల్లోంచి మాంగనీసు లాంటి ఖనిజాలు దగ్గరి దారిలో సముద్రానికి చేరాలి. అందుకే పార్వతీపురం దాకా ఎప్పుడో వేసి ఆపేసిన లైనుని 1931 కల్లా రాయపూర్ దాకా కలిపారు. రైలు లేకపోతే రేవు లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి వైజాగ్ మీద బాంబులు వేశాయి, ఊరు ఊరంతా ఖాళీ అయింది. సరిగ్గా పద్దెనిమిదేళ్ళకి, 1960లో, అదే జపాన్ ఉక్కు కంపెనీలు బైలడిల్లా ఇనప ఖనిజం మాకు కావాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఖనిజం బయటికి పోవాల్సింది అదే హార్బరు నుంచి! చరిత్రకి హాస్యం లేదని ఎవరన్నారు?

ఆ ఖనిజం కోసం వేసిందే కొత్తవలస - కిరండూల్ లైను, కె.కె. లైను. దాదాపు 446 కిలోమీటర్లు. మీలో చాలామంది అరకు ట్రిప్పుకి వెళ్ళి ఉంటారు. టన్నెల్ రాగానే కోచ్‌లో అందరూ ఓ... అని అరుస్తారు, ఒకటి రెండు అని లెక్కపెడతారు, లెక్క 58 దాకా ఉంటుందని చెప్పుకుంటారు. శిమిలిగూడ స్టేషన్లో బోర్డు ముందు ఫోటో దిగుతారు, సముద్రమట్టానికి 996 మీటర్ల పైన. 2017 నుంచి అద్దాల కోచ్ కూడా వచ్చింది. బాగుంది, నేనూ ఎక్కాను. కానీ ఆ లైను మనం ఎక్కడానికి కట్టింది కాదు. ఖనిజం దించడానికి కట్టింది. దాని అసలు కథంతా ఆ 'దించడం'లో ఉంది.

కొండ ఎక్కడం కష్టం అనుకుంటాం. మా తాత లెక్కలో ఎక్కడం ఓపిక, దిగడం భయం. వేల టన్నుల ఖనిజం వెనకాల తోస్తుంటే ఘాట్‌లో బండిని దించాలి. అక్కడ వాలు దాదాపు ప్రతి 60 అడుగులకి ఒక అడుగు. రోడ్డు మీద అది అసలు వాలే కాదు, మన అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఇనప పట్టా మీద ఇనప చక్రానికి అదే గండం. ఒట్టి గాలి బ్రేకులు నమ్ముకుంటే బ్రేకు దిమ్మలు కాలిపోతాయి. అందుకని డైనమిక్ బ్రేకు. మోటార్లనే జనరేటర్లుగా మార్చి, బండి వేగాన్ని కరెంటు చేసి, ఆ కరెంటుని ఇంజను మీది రెసిస్టర్లలో వేడిగా తగలేస్తారు. అది కూడా పనిచెయ్యకపోతే? ఘాట్ సెక్షన్లలో క్యాచ్ సైడింగ్ అని ఉంటుంది, ఎదురు ఎత్తుకి వేసిన మొండి లైను. అదుపు తప్పిన బండి అందులోకి దూరి ఎత్తెక్కి ఆగిపోవాలి. మనం రాసే ఎక్సెప్షన్ హ్యాండ్లర్ లాంటిదే, కాకపోతే ఇక్కడ క్యాచ్ బ్లాకు రాళ్ళూ పట్టాలతో కట్టాలి.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో దొరకనిది ఏమిటంటే, రాత్రి పూట పొగమంచులో త్యాడ దాటాక మా తాత చెవితో బండి నడిపేవాడు. ఏ వంపులో చక్రం ఎలా కీచుమంటుందో తెలుసు. ఆ చప్పుడు మారితే వేగం పెరిగినట్టు. స్పీడోమీటరు కన్నా ముందే చెవి చెప్పేదట. ఈ ముక్క ఆయన నాకు చెప్పలేదు. నాన్నతో ఎప్పుడో అన్నాడట, నాన్న నాకు మొన్న చెప్పాడు. అంటే నా దగ్గరున్నది సెకండ్ హ్యాండు డేటా. ఏ వంపు, ఏ చప్పుడు అన్నది పోయింది.

ఇంకొకటి ఉంది. ఆయన అసలు మాట్లాడనిది. 1974 సమ్మె.

మే 8 నుంచి 27 దాకా ఇరవై రోజులు. దేశమంతా పదిహేడు లక్షలమంది అంటారు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్, ఆయన్ని మే 2నే అరెస్టు చేశారు. అడిగింది బోనసు, మిగతా ప్రభుత్వ రంగంతో సమానంగా జీతం, ఎనిమిది గంటల పని. రన్నింగ్ స్టాఫు అంతకు ముందు ఏడాది, 1973లో, కొట్లాడితే పది గంటలు అని ఒప్పుకున్నారు. ఇవాళ ఐటీలో వర్క్ లైఫ్ బ్యాలెన్సు అంటున్నాం. వాళ్ళు ఇంజను మీద పది గంటలు చాలని దేబిరించాల్సి వచ్చింది. సమ్మె మధ్యలో మే 18న పోఖ్రాన్ అణుపరీక్ష జరిగింది, పేపర్లన్నీ అటు తిరిగిపోయాయి. సమ్మె ఓడిపోయింది. వేలమంది జైలుకెళ్ళారు, వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ బోనసు మటుకు అయిదేళ్ళ తర్వాత 1979లో వచ్చింది. ఇప్పుడు దసరా ముందు రైల్వే బోనసు అని పేపర్లో పడుతుందే, అది.

ఇందులో మన తెలుగువాళ్ళు గమనించాల్సిన ఒక ముక్క ఉంది. ఆ మే నెలలో రాష్ట్రపతి ఎవరు? వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగాయన. 1927లో ఖరగ్‌పూర్ కేంద్రంగా బియ్యన్నారు కార్మికులు సమ్మె కట్టినప్పుడు వాళ్ళ యూనియన్ నాయకుడు ఈయనే. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ని నిలబెట్టినవాళ్ళలో ఒకడు. 47 ఏళ్ళ తర్వాత, ఆయన రాష్ట్రపతి భవన్లో ఉండగా, అదే లైను మీద పనిచేసే కార్మికుల మనవలు జైళ్ళకి వెళ్ళారు. నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు, రాష్ట్రపతి చేతిలో ఏముంటుంది. కానీ ఆ సంగతి వాల్తేరు లోకో షెడ్డులో ఎలా మాట్లాడుకున్నారు? మా ముత్తాత బియ్యన్నారులో గ్యాంగ్‌మన్, గిరిగారి పేరు చెబితే దణ్ణం పెట్టేవాడట. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ ఇరవై రోజులూ ఎక్కడున్నాడో నాకు తెలీదు. సమ్మె చేశాడా, బండి నడిపాడా? రెండూ అప్పట్లో ధైర్యం కావలసిన పనులే. నాన్నకి అప్పుడు తొమ్మిదేళ్ళు. "అమ్మా నేనూ చీపురుపల్లి వెళ్ళిపోయాం, తాత రాలేదు" అంటాడు, అంతే. ఎప్పుడు అడిగినా తాత లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఇక మాటలు. ఇవి పోవడం ఎవరూ గమనించరు. కాల్ బాయ్ అని ఉండేవాడు, అర్ధరాత్రి క్వార్టర్స్ తలుపు కొట్టి డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు ఫోనొస్తుంది. సింగిల్ లైన్ మీద స్టేషన్ మాస్టరిచ్చే ఇనప గుండు, బాల్ టోకెన్, అది చేతిలో ఉంటేనే బండి ముందుకెళ్ళాలి (మ్యూటెక్స్ లాక్ అని కాలేజీలో చదివినప్పుడు నాకు వెంటనే తలకెక్కింది ఇందుకే). డ్రైవరు లోకో పైలట్ అయ్యాడు. గ్యాంగ్‌మన్ ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు. 2022 జనవరిలో గార్డుని ట్రైన్ మేనేజర్ చేశారు. గౌరవం పెరిగితే మంచిదే. కానీ గ్యాంగు వాళ్ళు పదిమంది గునపాలతో పట్టాని పక్కకి జరుపుతూ ఒక రాగం తీసేవారు, ఒకడు అంటే మిగతావాళ్ళు అందుకునేవారు. పని మిషన్లకి వెళ్ళాక ఆ పాటలు ఎక్కడికి వెళ్ళాయి? వాటిలో సగం అధికార్ల మీద బూతులు అని నాన్న చెప్పాడు. అవైతే తప్పకుండా దాచుకోవాల్సినవి.

ఊళ్ళ పేర్లూ అంతే. వాల్తేరు స్టేషను 1987లో విశాఖపట్నం అయింది. డివిజను మాత్రం వాల్తేరుగానే ఉండిపోయింది. 1955లో సౌత్ ఈస్టర్న్ కింద, 2003 నుంచి భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ కింద. 2019లో సౌత్ కోస్ట్ జోన్ ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో కేబినెట్ నిర్ణయంతో డివిజను రెండయింది, దాదాపు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజనుగా, కె.కె. లైనులో చాలా భాగంతో సహా 680 కిలోమీటర్లు రాయగడ డివిజనుగా. వాల్తేరు అన్నది వలస పాలన నాటి పేరని మార్చడానికి కారణం చెప్పారు. నాకు ఇది కొంచెం నవ్వొచ్చింది. పెదవాల్తేరు, చినవాల్తేరు తెల్లవాడు తెచ్చినవా? స్పెల్లింగు వాడిది, ఊరు మనది. సరే, మన జోను మనకి రావడం మంచిదే, ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నది. నా బెంగ వేరు. ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి మారినప్పుడు ఏం జరుగుతుందో మనకి తెలుసు. కావాల్సిన టేబుల్స్ మైగ్రేట్ చేస్తారు, "పాతవి తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. కలకత్తా, భువనేశ్వర్, రాయగడ, విశాఖ, ఇన్ని చోట్లకి ఒక్క డివిజను కాగితాలు పంచుకుంటున్నప్పుడు 1960ల నాటి గ్యాంగు రిజిస్టరు ఎవరికి కావాలి?

కాగితాలు పోయినా మనుషులున్నారు. కానీ ఎన్నాళ్ళు? కె.కె. లైను పనుల్లో ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నవాడికి ఇప్పుడు ఎనభై దాటాయి.

అందుకే పోయిన నెల సెలవు పెట్టి కంచరపాలెం వెళ్ళాను. నాన్నకి తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడక్కడ, ఎస్.కోట దగ్గరి పల్లె, కె.కె. లైను మీద కీమన్‌గా రిటైరయ్యాడు. వయసు 84. రోజూ సుత్తి, స్పానరు పట్టుకుని అయిదారు కిలోమీటర్లు పట్టాల వెంబడి నడిచి, వదులైన కీలు బిగించుకుంటూ మళ్ళీ వెనక్కి నడవడం. వర్షాకాలంలో రాత్రి పెట్రోలింగు, కొండచరియ విరిగిపడిందేమో చూసుకుంటూ. ఇప్పటికీ వానలొస్తే ఆ లైను మీద చరియలు పడటం మామూలే. "చీకట్లో ఏం కనపడుతుంది తాతా?" అన్నాను. "కనపడదు బాబూ, మట్టి వాసనొస్తాది. పచ్చి మట్టి వాసనొచ్చిందంటే ముందర కొండ జారినట్టే. అక్కడే ఆగిపోవాల" అన్నాడు. ఏ మాన్యువల్లో ఉంది ఇది?

గంటన్నర రికార్డ్ చేశాను. ఇంటికొచ్చి వింటే తప్పులు దొరికాయి. సమ్మె "రెండు నెల్లు" జరిగిందన్నాడు. ఇరవై రోజులే కదా. మొదట చిరాకేసింది, ఈ డేటా నమ్మొచ్చా అని. అప్పుడు అలెసాండ్రో పోర్తెల్లి గుర్తొచ్చాడు. ఇటలీలో తెర్ని అని ఒక ఉక్కు పట్నం, మన వైజాగ్ లాంటిదే. అక్కడ లుయీజి త్రాస్తుల్లి అనే కార్మికుడు 1949లో నాటోకి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పోర్తెల్లి వెళ్ళి అడిగితే చాలామంది అది 1953లో జరిగిందన్నారు, ఫ్యాక్టరీలో వేలమందిని తీసేసినప్పుడు. పోర్తెల్లి ఆ తప్పుని దిద్ది పారెయ్యలేదు. వాళ్ళకి ఆ చావు ఏ గాయంతో ముడిపడిందో ఆ తప్పే చెబుతోంది అన్నాడు. సరే అని మళ్ళీ ఫోన్ చేసి అడిగాను, రెండు నెలలని ఎందుకు అనిపించింది తాతా అని. "జీతం రెండు నెల్లు రాలేదు కదా బాబూ. మా ఇంటిదాని మురుగులు అప్పుడే అమ్మీసేం" అన్నాడు. ఇరవై రోజులన్నది ఢిల్లీ లెక్క. ఆయన లెక్క ఆయనకుంది. రెండూ రాసి పెట్టుకున్నాను, ఏది ఎవరిదో పక్కన వేసి.

ఇంగ్లండులో యార్క్ రైల్వే మ్యూజియం వాళ్ళు ఇంజన్లతో పాటు పనివాళ్ళ గొంతులు కూడా రికార్డు చేసి దాచారు. మనకి అలాంటిది వచ్చే దాకా ఆగితే ఈ పెద్దాయన ఆగడు. పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఫోను ఆయన దగ్గరగా పెట్టి, ఫ్యాను ఆపి (ఇది ముఖ్యం, నా మొదటి అరగంటా ఫ్యాను చప్పుడే), "మీ అనుభవాలు చెప్పండి" అనకుండా "మొదటి రోజు ఏ స్టేషన్లో దిగారు, భోజనం ఎక్కడ చేశారు" అని అడగాలి. అనుభవాలు అంటే మా తాతలాగే "ఏటుందిరా" అంటారు. భోజనం అంటే మాత్రం ఆగరు. ఏ పేరు బయటపెట్టొద్దంటే అది పెట్టొద్దు. ఆ పెద్దాయన కూడా ఒక్క విషయం దగ్గర "అది ఆపీ బాబూ" అన్నాడు. ఆపేశాను.

వచ్చేటప్పుడు లైన్ బాక్స్ గురించి చెప్పాను. మా తాత పేరు విని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "పొట్టిగా ఉంటాడు, బీడీ ఎడమ చేత్తో కాలుస్తాడు, ఆయనేనా?" అన్నాడు. అవునన్నాను. నా ఒళ్ళు జలదరించింది. "సమ్మె టైములో ఆయన్ని బొర్రా దగ్గర ఓసారి చూసేను" అన్నాడు. ఇంతలో వాళ్ళ కోడలు వచ్చి మందులేసుకునే టైమయిందంది. ఇంక ఇవాళ్టికి చాలు, మళ్ళీ రా అన్నాడు.

శుక్రవారం సాయంత్రం గోదావరికి టికెట్ తీశాను. వెయిటింగ్ లిస్ట్ 14.